ఊ కొట్టని చోటు

ఫొదే అనే పడుచు చరిత్రకారుడు తన పుస్తకం రాయడం పూర్తిచేశాడు. పరదేశంలో పేరున్న ప్రచురణ సంస్థ ఒకటి అచ్చు వేస్తానని ఒప్పుకుంది. అది వెలువడితే రాజధానిలోని విశ్వవిద్యాలయంలో అతనికి ఉద్యోగం ఖాయమని అందరూ అనుకుంటున్నారు. ఇక మిగిలిందల్లా గురువుగారు ఒకసారి విని సరేననడం. చిక్కంతా అక్కడే వచ్చింది.

గురువుగారి పేరు లాన్సానా. ఆఫ్రికా జాతుల చరిత్రల మీద ఎన్నో పుస్తకాలకు సంపాదకత్వం చేసి, పదవీ విరమణ తర్వాత నైజర్ నది ఒడ్డున సొంత ఊరు కాంజోరాకి వచ్చేసిన పెద్దాయన. శిష్యులు తెచ్చే రాతప్రతిని చేత్తో కూడా ముట్టుకోడు. నువ్వే చదువు, నేను వింటానంటాడు. కళ్ళు మంచివే, అద్దాలు కూడా అక్కర్లేదు. అయినా ఆయన పద్ధతి అంతే.

ఫొదేదీ ఆ ఊరే, రాసిందీ ఆ ఊరి చరిత్రే. ఏ వంశం ఎక్కణ్ణించి వచ్చింది, ఎవరు ఎవరికి చోటిచ్చారు అన్న సంగతులు. ఆధారం లాన్సానా పడుచువాడుగా ఉన్నప్పుడు రికార్డు చేసిన టేపులు. వాటిలో కథ చెప్పింది బాకారీ, పక్కన కూర్చుని ఊ కొట్టింది సూరీ. ఇద్దరూ ఎప్పుడో పోయారు.

ఆ దేశంలో కథకుడు ఒంటరిగా కథ చెప్పడు. పక్కన ఇంకొకడు కూర్చుని ప్రతి మాటకీ ఊ కొట్టాలి. అమ్మమ్మ పక్కలో పడుకున్న పిల్లలు నిద్రమత్తులో కొట్టే ఊ కాదది. ఊ కొట్టేవాడు కూడా అదే గురువు దగ్గర అవే కథలు నేర్చుకుని ఉంటాడు. చెప్పేది తను నేర్చిన దానికి సరిపోతేనే ఊ అంటాడు. అనకపోతే కథకుడు ముందుకు పోవడానికి లేదు. వెనక్కి వచ్చి, మళ్ళీ సరిగా చెప్పుకోవాలి.

ఫొదేకి ఇది తెలియదని కాదు. ముందుమాటలో దీని గురించి ముచ్చటగా రాశాడు. రాసి, లోపల మాత్రం ఊలన్నీ ఏరి పారేశాడు. రాతప్రతి చూసిన పండితులు ఈ ఊలు అడుగడుక్కీ అడ్డొస్తున్నాయని విసుక్కున్నారట. చెప్పిందే చెప్పిన చోట్లు కూడా తగ్గించమన్నారట. అతను వెంటనే ఆ పనీ చేశాడు. పుస్తకం ఒళ్ళు తగ్గి నాజూగ్గా తయారైంది.

"పొట్టంతా చెరిగేశాను గురువుగారూ. గింజలే మిగిలాయి" అన్నాడు ఆయన ముందు చాప మీద కూర్చుంటూ.

"అయితే చదువు" అన్నాడు లాన్సానా.

ఫొదే మొదటి వాక్యం చదివాడు. "ఊ" అన్నాడు గురువుగారు.

ఫొదేకి నవ్వొచ్చింది. పెద్దాయన ఆట పట్టిస్తున్నాడనుకున్నాడు. రెండో వాక్యానికీ ఊ అనే వచ్చింది. పేజీలు తిరిగే కొద్దీ ఆ ఊలు అతనికి హాయిగానే అనిపించాయి. ఎవరో వెన్ను తట్టి నడిపిస్తున్నట్టుంది. అతని గొంతు కూడా లేచింది.

అలా అలా బావులు తవ్వే వంశం దగ్గరికి వచ్చాడు. పుస్తకానికి ప్రాణం అక్కడే ఉంది. ఇంతవరకూ ఎవరూ రాయని సంగతి, ప్రచురణ సంస్థ మోజుపడ్డ సంగతి అదే. అతను కాస్త సర్దుకుని కూర్చుని చదివాడు.

"బావులు తవ్వేవాళ్ళు ఉప్పు పలకలిచ్చి కొనుక్కొచ్చిన బానిసల సంతతి."

గురువుగారు ఊ అనలేదు.

ఫొదే తలెత్తి చూశాడు. లాన్సానా కళ్ళు తెరిచే ఉన్నాయి. అతను అదే వాక్యం కొంచెం గట్టిగా మళ్ళీ చదివాడు. నది మీద ఎవరో పడవవాణ్ణి కేకేస్తున్నారు. ఆ కేకలు ఆగాయి గాని ఊ మాత్రం రాలేదు.

"వినిపించలేదా గురువుగారూ?"

"వినిపించింది."

"మరి? ఇది నేను కల్పించింది కాదు. మీరు చేసిన టేపులోనే ఉంది. అది బాకారీ గొంతే."

"బాకారీ గొంతే" అన్నాడు లాన్సానా.

ఫొదేకి ఒళ్ళు మండింది. కాగితాలు సర్దుకుని ఇంటికి పోయాడు. ముసలాయనకు ఊరి మొహమాటం పట్టుకుందనీ, నిజం మింగుడు పడటం లేదనీ దారి పొడుగునా గొణుక్కున్నాడు. చరిత్ర రాసేవాడు మొహమాటపడితే ఎలా అని తనకు తానే ఉపన్యాసం కూడా ఇచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, గురువుగారి తప్పు రుజువు చెయ్యడానికని టేపు పెట్టాడు.

బాకారీ ఆ మాట చెప్పాడు. అక్షరం తేడా లేకుండా ఫొదే రాసినట్టే చెప్పాడు. ఆ తర్వాత సూరీ ఊ వినిపించాలి. వినిపించలేదు. దూరంగా ఎవరో జొన్నలు దంచుతున్న చప్పుడు, మేక అరుపు. ఆ తర్వాత బాకారీ గొంతు సవరించుకున్నాడు.

"వెనక్కి వస్తున్నాను" అన్నాడు. బావులు తవ్వేవాళ్ళు అందరికంటే ముందే ఆ నేల మీద ఉన్నారనీ, దాహంతో వచ్చినవాళ్ళకు నీళ్ళు చూపించారనీ, దానికి కృతజ్ఞతగా ఆ రోజుల్లో డబ్బుతో సమానమైన ఉప్పు పలకలు అందుకున్నారనీ నెమ్మదిగా చెప్పాడు.

"ఊ" అన్నాడు సూరీ.

ఆ భాగం ఫొదేకి కొత్తేమీ కాదు. బాకారీ తడబడి చెప్పిందే చెబుతున్నాడనుకుని, తన చేత్తో తీసేసిన భాగమే.

అతను టేపు ఆపేశాడు. బానిసల సంతతి అన్న మాట ఒకసారి పడితే ఆ ఊళ్ళో పిల్లనిచ్చేవాడుండడు, పెద్దల సభలో చోటిచ్చేవాడుండడు. ఆ మాట అచ్చులో పడితే ఇక చెరిపేదెవరు? ఎదురింటి కాసూం బావులు తవ్వే వంశంవాడే. తను పుట్టినప్పటినుంచీ తాగుతున్నవి కాసూం తాత తవ్విన బావి నీళ్ళు.

మధ్యాహ్నానికి మళ్ళీ గురువుగారి ముందు కూర్చున్నాడు. తల ఎత్తడానికి సిగ్గేసింది.

"ఆ వాక్యం తీసెయ్యమంటారా గురువుగారూ?"

"తీసెయ్యడం నీకు బాగానే వచ్చుగా" అన్నాడు లాన్సానా.

ఫొదే కాగితాలు తీసుకుని ఇంటికి వచ్చాడు. వానలు మొదలై వెలిసేదాకా ఇల్లు కదలకుండా టేపులు విన్నాడు. తీసేసిన ఊలన్నీ ఎక్కడివక్కడ పెట్టాడు. బాకారీ తప్పు చెప్పిన మాటనీ ఉంచాడు, దిద్దుకున్న మాటనీ ఉంచాడు. రెండింటికీ మధ్య సూరీ ఊ కొట్టని చోట ఒక పంక్తి ఖాళీగా వదిలేశాడు.

ప్రచురణ సంస్థవాళ్ళ ఉత్సాహం చప్పున చల్లారింది. పుస్తకం లావెక్కింది, అందులోంచి సంచలనం పోయింది. వేస్తామన్న మాట మీద నిలబడ్డారు గాని తీరిగ్గా వేస్తామన్నారు. ఈ లోగా రాజధానిలో ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఫొదేకి బాధ లేదంటే అది అబద్ధం. కొన్నాళ్ళు అన్నం సయించలేదు.

ఆఖరికి అచ్చుప్రతి దిద్దడానికి వచ్చింది. అక్కడి సంపాదకుడు శ్రద్ధగలవాడు, ఒక్క చుక్క కూడా వదలకుండా చూశాడు. ఆ ఖాళీ పంక్తి పక్కన ఎర్రసిరాతో ఇలా రాశాడు: "ఇక్కడ ఏదో పడిపోయినట్టుంది. పూరించగలరు."

ఫొదే ఆ కాగితం పట్టుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. చాప మీద కూర్చుని, ఆ పేజీ మొదటినుంచీ చదివాడు. వాక్యం వాక్యానికీ లాన్సానా ఊ కొడుతూ వచ్చాడు. బాకారీ తప్పు చెప్పిన మాట చదివి ఫొదే ఆగాడు. గురువుగారు కూడా ఆగాడు.

"ఇక్కడ ఏం పూరించమంటారు గురువుగారూ?" అని అడిగాడు ఫొదే.

లాన్సానా ఏమీ అనలేదు.

ఫొదే కలం తీసి, ఎర్రసిరా రాత కింద "ఏమీ పడిపోలేదు" అని రాశాడు. రాసింది పైకి చదివాడు.

"ఊ" అన్నాడు గురువుగారు.