తాత లోపల గడియ పెట్టుకున్న రోజు

ఆ గురువారం దస్తగిరమ్మ వచ్చి, తాత ముందర ఊరికే కూర్చుంది. ఊరికే కూర్చునే మనిషి కాదు ఆమె. ఎప్పుడొచ్చినా వచ్చీ రాగానే చీపురు అందుకుంటుంది. లేకపోతే తాగే నీళ్ళ బిందె తోముతుంది. నేను పొద్దున్నే తోమిన బిందెనే మళ్ళీ తోముతుంది. నాకు ఒళ్ళు మండిపోయేది. తాత మాత్రం చూసి నవ్వి ఊరుకునేవాడు.

మౌలాలి తాత నాకు మేనమామ, ఆయన ఇల్లు చూసుకునేదాన్ని నేనే. ఊరంతా తాత అంటారు కాబట్టి నాకూ అదే అలవాటైపోయింది. ఆయన దగ్గర పెద్ద బోధలేం ఉండవు. గురువారం పూట నలుగురొచ్చి కూర్చుంటారు, కష్టం చెప్పుకుంటారు, ఆయన వింటాడు. ఒక్కోసారి ఏదో ఒకటి చేస్తాడు. చేసినప్పుడు అది మతిలేని పనిలా ఉంటుంది. ఎందుకు చేశావయ్యా అని అడిగి అడిగి ప్రాణం తీసినా చెప్పడు.

దస్తగిరమ్మ కాన్పుల ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి కాకముందే తాత చేతిలో చెయ్యి పెట్టి మురీదైంది, అంటే శిష్యురాలైంది. మొగుడు సిలార్‌కు పరుపుల అంగడి ఉంది. ఒక్కతే కూతురు, రమీజా. బడికి పోతుంది.

చివరికి నోరు విప్పింది.

"తాతా, మొన్న నిలబడే నిద్రపోయినా. చేతుల్లో అప్పుడే పుట్టిన బిడ్డ ఉండాది."

నేను చేస్తున్న పని ఆపేశాను. బిడ్డ జారుతుండగా పక్కనున్న ఆయా పట్టుకుందట. ఏం కాలేదట. కన్నతల్లికి తెలియను కూడా తెలియదట. కానీ అప్పటినుంచీ బిడ్డను ఎత్తుకోవాలంటే ఈమె చేతులు వణుకుతున్నాయి. చెప్తూ చెప్తూ వాటిని ఒళ్ళో దాచుకుంది.

ఇక ఆమె ఆగలేదు. కోడి కూయకముందే లేచేది మొదలు చెప్పుకుంటూ పోయింది. కల్లాపి, నీళ్ళు, వంట, పిల్ల జడలు, మొగుడి బట్టలు, అంగట్లో కూలోళ్ళకు టీ. ఆసుపత్రికి పరిగెత్తడం, అక్కణ్ణించి వచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడటం. వింటుంటేనే నాకు నడుము నొప్పి పుట్టింది. పనిని ఎట్లా తగ్గించుకోవాలో తెలీక ఒక తీర్మానానికి వచ్చేసింది. సోమవారం పోయి పెద్ద నర్సమ్మతో ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేస్తుంది.

ఆసుపత్రి పని అంత కష్టంగా ఉందా అని తాత అడిగాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అక్కడికి పోతేనే తనకు ఊపిరాడుతుందంది. బిడ్డ ఏడుపు మొదటిసారి విన్న తల్లి ముఖం చూస్తే చాలు, ఆ పూట ఆకలి కూడా గుర్తురాదంది. మరి అదే ఎందుకు మానేస్తావంటే, ఇల్లు మానుకోలేను కదా తాతా అంది.

"సిలార్ ఉండాడు కదా. పిల్ల ఉండాది కదా."

"వాళ్ళకు రాదు తాతా. చెప్పి చేయించుకునేదానికంటే నేను చేసుకునేదే మేలు. నేను లేకుంటే ఆ ఇల్లు ఒక్క పూట నడవదు."

అలసిపోయే చెప్పింది పాపం. కానీ ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె వెన్ను నిటారుగా అయ్యింది. నేను చూశాను. తాత చూడకుండా ఉంటాడా?

"ఈ ఆదివారం గ్యార్మీ కదా," అన్నాడు. "చదివింపులకు మీ ఇంటికొస్తా."

నేను బిత్తరపోయాను. తాత ఎవరింటికీ పోడు. ఊరి పెద్దలు పిలిచినా నవ్వి తప్పించుకుంటాడు. దస్తగిరమ్మ అయితే ఏడుపు మరిచిపోయి, ముఖం వెలిగిపోయి, ఏమేం వండాలో అప్పుడే నోట్లో గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

గ్యార్మీ అంటే పెద్ద పీరు అనే మహాత్ముడి పేరు మీద అన్నం వండి, ఫాతెహా ప్రార్థన చదివించి, అందరూ కూర్చుని తినే రోజు. మా దూదేకులోళ్ళ ఇళ్ళల్లో దాన్నే చదివింపులంటాం. వండిన దాంట్లో ఎవరూ వేలు పెట్టకూడదు. ఉప్పుకూడా చూడకూడదు. చదివింపులు అయ్యేదాకా అది ఎంగిలి కాకూడదు. అందుకే ఆ రోజు వంటకు చెయ్యి తిరిగినవాళ్ళే కూర్చుంటారు.

ఆమె పోయాక తాతను బాగా తిట్టాను. అసలే చచ్చిపోతున్న పిల్ల నెత్తిన ఇంకో బరువు పెట్టావు, నీకు మనసనేది ఉందా అన్నాను. ఆయన కొట్టంలోని మేకకు ఆకు వెయ్యడానికి లేచి వెళ్ళాడు.

ఆదివారం పొద్దున్నే, ఎండ ఇంకా వాకిట్లోకి రాకముందే నన్ను తీసుకుని బయల్దేరాడు. ఇంత పొద్దున్నే ఎవరైనా భోజనానికి పోతారా అని దారంతా గొణిగాను. మేము పోయేసరికి దస్తగిరమ్మ తలస్నానం చేసి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, పొయ్యి అప్పుడే వెలిగించింది. బియ్యం ఇంకా కడగలేదు. మమ్మల్ని చూసి కంగారుపడింది. సిలార్ గోడవార నిలబడ్డాడు. రమీజా వంటింటి గడపకు అవతలే ఉంది. ఆ రోజు గడప దాటొద్దని వాళ్ళమ్మ చెప్పిందట.

తాత లోపలికొచ్చి వంటిల్లంతా ఒకసారి చూశాడు.

"బిడ్డా, బయట నా చెప్పులు ఉండాయేమో చూడు. కుక్క ఎత్తుకపోతాదేమో," అన్నాడు.

ఆమె ఆదరాబాదరా బయటికెళ్ళింది. తోడుగా నువ్వూ పొమ్మని నాకు సైగ చేశాడు. నేనూ వెళ్ళాను. చెప్పులు పెట్టినచోటే ఉన్నాయి. మా వెనక వీధి తలుపు మూసుకున్న చప్పుడైంది. ఆ వెంటనే లోపల గడియ పడింది.

దస్తగిరమ్మ నన్ను చూసింది. నేను ఆమెను చూశాను.

ఆమె తలుపు ముందు మెల్లగా తట్టింది, తర్వాత గట్టిగా. "తాతా, తలుపు గాలికి పడింది." లోపలినుంచి ఆయన గొంతు చాలా మామూలుగా వచ్చింది.

"గాలికి కాదు, నేనే పెట్టినా. ఈ రోజు నువ్వు చుట్టానివి. అరుగు మీద కూర్చో."

దస్తగిరమ్మ ముఖంలో రక్తం లేదు. తన ఇల్లు, తన పొయ్యి, ఇన్నేళ్ళు ఎదురుచూసిన గురువు. అందరూ లోపల, తాను బయట. అదీ తడి జుట్టుతో. ఎదురింటామె చూసి ఏమైందే అని అడిగితే ఏం చెప్పాలో తెలీక తల దించుకుంది. నాకు తాత మీద ఎంత కోపమొచ్చిందంటే, తలుపు తెరిచుంటే చెడామడా కడిగేసేదాన్ని.

ఆమె కిటికీ దగ్గరికి పరిగెత్తింది. పప్పు ఏ డబ్బాలో ఉందో, పెద్ద గిన్నె ఎక్కడుందో, నెయ్యి ఎప్పుడు వెయ్యాలో అన్నీ గడగడా చెప్పేస్తోంది. కిటికీ రెక్కలు కూడా మూసుకున్నాయి.

ఇక చెవులే దిక్కు. అరుగు మీద కూర్చుని లోపలి ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడింది. నీళ్ళ చప్పుడు వింటే, బియ్యం అన్నిసార్లు కడుగుతారా ఎవరైనా అంది. కత్తిపీట చప్పుడు వింటే, పిల్ల వేలు తెగుతుందంది. ఏదో మాడిన వాసన వచ్చింది. లేచి నిలబడింది. స్టీలు గిన్నె ఒకటి ధన్‌మని కిందపడింది, రమీజా "అమ్మా" అని అరిచింది. దస్తగిరమ్మ రెండు చేతులతో తలుపు బాదింది.

బాదుతూ బాదుతూ ఆగిపోయింది. లోపల నవ్వుతున్నారు. రమీజా నవ్వుతోంది, సిలార్ నవ్వుతున్నాడు. సిలార్ అట్లా నవ్వగలడని నాకైతే తెలీదు, ఎప్పుడు చూసినా గోడకు అతుక్కుని నిలబడే మనిషి. ఆమెకూ తెలీదేమో. తలుపు మీద పెట్టిన చేతులు అట్లాగే ఉంచి కాసేపు విన్నది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది.

తాతకు తన మీద కోపమొచ్చిందేమో అంది. నేనేం తప్పు చేశాను పెద్దమ్మా అంది. నాకు తెలిస్తే కదా చెప్పేది. ఆ జుట్టన్నా ఆరబెట్టుకోవే అన్నాను. తువ్వాలు విప్పి జుట్టు వీపు మీద పరుచుకుంది. గోడకు ఆనుకుంది. ఏదో చెప్పబోయి మాట మధ్యలోనే ఆగింది. తిరిగి చూస్తే నిద్రపోయింది.

అట్లాంటి నిద్ర నేను ఎక్కడా చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుని, చేతులు రెండూ అరుగు మీద పడేసి, ఎవరో తాడు తెంపినట్టు పడి నిద్రపోయింది. నాకు భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఎండ నడినెత్తికి వచ్చాక గడియ తీసిన చప్పుడైంది. రమీజా తొంగిచూసింది. చెంప మీద పిండి, గౌనంతా పసుపు. వాళ్ళమ్మను చూసి లేపబోయింది. వెనక నుంచి తాత ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వద్దన్నాడు. వంటైపోయింది, చదివింపులు చదవడమే మిగిలింది, ఆమె లేచాకే చదువుతానన్నాడు.

అందరం ఆకలితో కూర్చున్నాం. మధ్యాహ్నం దాటింది. ఆ పూట ఆకలి నాకు బాగా గుర్తు, ఎందుకంటే తాతను మనసులో నానా మాటలూ అన్నాను. అన్నం చల్లారిపోయింది. ఎవరూ ఆమెను లేపలేదు.

నీడ అరుగు దిగి వీధిలోకి పోయినప్పుడు ఆమె అదిరిపడి లేచింది. ఎండ చూసింది, తెరిచిన తలుపు చూసింది.

"చదివింపులు అయిపోయినాయా?"

"నువ్వు లేకుండా ఎట్లా అవుతాయి?" అన్నాడు తాత.

ఆమె లోపలికి పోయి వంటింటి గడప దగ్గర నిలబడిపోయింది. ఏ గిన్నె ఎక్కడ ఉండాలో అక్కడ లేదు. పొయ్యి పక్కన పప్పు ఒలికింది. కానీ అన్నం ఉంది, పప్పు ఉంది, వంకాయ కూర ఉంది, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద వంకరటింకర ముద్దలుగా ఉంది. ఇల్లు ఊడ్చి ఉంది. ఆమె లేకుండానే ఆ పూట నడిచింది.

తాత చేతులెత్తి ఫాతెహా చదివాడు. అందరం ఆమీన్ అన్నాం.

సిలార్ పళ్ళేలు కడిగి బోర్లించి పెట్టాడు. దస్తగిరమ్మ వాటిల్లోంచి ఒకటి తీసింది, వెలుతురుకు పట్టి చూసింది, అలవాటుగా దాన్ని మళ్ళీ కుళాయి కింద పెట్టింది. సిలార్ తల తిప్పుకుని గోడవారకు జరిగాడు. పొద్దున నిలబడిన చోటికే.

తాత లేచి కుళాయి కట్టేశాడు. ఆమె చేతిలోంచి పళ్ళెం తీసుకుని, అట్లా తడిగానే అందులో అన్నం పెట్టి, ఆమెకే ఇచ్చాడు.

ఆమె పళ్ళెం వంక చూసింది. తర్వాత గోడవారనున్న మొగుణ్ణి చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. ఆ మనిషి అక్కడ నిలబడతాడని ఆమెకు ఇన్నేళ్ళుగా తెలుసు. తానే నిలబెట్టానని అప్పుడే తెలిసినట్టుంది.

కూర్చున్నాం. పప్పు నోట్లో పెట్టుకోగానే నాకు కళ్ళు తిరిగాయి. తండ్రి ఒకసారి, కూతురు ఒకసారి, ఒకరికి తెలీకుండా ఒకరు ఉప్పు వేసినట్టున్నారు. రుచి చూసే వీలు లేదు కదా. తాత మాత్రం ఏం తెలియనట్టు తింటున్నాడు. దస్తగిరమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆమె ముఖం ఒక్క క్షణం మారింది, మోకాలు ఊని లేవబోయింది. తాత ఆమె వైపు చూడకుండానే ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆమె మళ్ళీ కూర్చుంది.

రమీజా తన పళ్ళెంలో చెయ్యి కూడా పెట్టలేదు. వాళ్ళమ్మ నోటి వంకే చూస్తోంది.

"ఏందే అట్లా చూస్తాండావు? బాగానే ఉండాదిలే, తిను," అంది దస్తగిరమ్మ.

"అది కాదమ్మా," అంది పిల్ల. "నువ్వు అన్నం తినేది నేనెప్పుడూ చూడలేదు."

దస్తగిరమ్మ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. సిలార్ కూడా ఆపేశాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సిగ్గుతో తల దించుకున్నాడు. దించుకోవాల్సిందే మరి. ఆమె చెయ్యనివ్వలేదు సరే, ఆమె ఎప్పుడు తింటుందని ఇతనన్నా ఒక్కనాడు అడిగాడా? దస్తగిరమ్మ బిందె తోమిందని ఇన్నాళ్ళూ నేను కూడా మండిపడ్డానే గానీ, తిన్నావా అని ఎప్పుడన్నా అడిగానా.

తాత తన పళ్ళెం ఖాళీ చేసి, వేళ్ళు తుడుచుకున్నాడు. ఎవరినీ చూడకుండా అడిగాడు.

"రేపు ఆసుపత్రికి ఈమెకు క్యారియర్ ఎవురు కడతారు?"

"నేను," అన్నాడు సిలార్. "నేను," అంది రమీజా. ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

దస్తగిరమ్మ నోరు తెరిచింది. వద్దులే నేనే కట్టుకుంటా అని వస్తుందని నేను కాచుకుని ఉన్నా. ఆ మాట ఆమె పెదాల దాకా వచ్చింది, నాకు కనబడింది కూడా.

తర్వాత పళ్ళెం కూతురి వైపు జరిపింది.

"పప్పు ఇంకొంచెం వెయ్యి రమీజా," అంది.