గాలి ఊరి ఉంగరాల జుట్టు

అనగనగా ఒక ఊరు, గాలికి కాలు నిలవని ఊరు అనుకో బుజ్జులూ. అది సముద్రం ఒడ్డున ఉండేది. తీగ మీద ఆరేసిన చీర ఆరకముందే పక్కింట్లో పడేది. తలుపులు వాటంతటవే కొట్టుకునేవి.

ఆ ఊళ్ళో ఇందుమతి అని ఒక పిల్ల. దానికీ కాలు నిలవదు, చెయ్యి ఊరుకోదు. ఏయ్, దుప్పటి తన్నకు. తల ఇలా నా ఒళ్ళో పెట్టు. ఆ, ఇప్పుడు విను.

ఇందుది ఉంగరాల జుట్టు. అమ్మకీ, నాయనమ్మకీ, అక్క వసుంధరకీ సాఫుగా జారే జుట్లే. ఇదొక్కతే ఎవరి పోలికో తెలీదు.

ఆదివారం వస్తే నాయనమ్మ అందరికీ వరసగా తలంటేది. నూనె మర్దించి, కుంకుడురసం పోసి, జుట్టంతా నెత్తిమీద కుప్ప చేసి గరగరా రుద్దేది. ఆ తర్వాత ఎండలో కూర్చోబెట్టి, తువ్వాలు మెలిపెట్టి తడిజుట్టు మీద టపటపా కొట్టేది. ఆ తర్వాత దువ్వెన పెట్టి పైనుంచి కిందదాకా ఒక్క లాగు లాగేది. అమ్మ జుట్టు నిగనిగలాడేది. అక్క జుట్టు నిగనిగలాడేది. ఇందు జుట్టు మాత్రం కొబ్బరిపీచులా లేచి నిలబడేది.

కాలేజీలో పిల్లలు ఊరుకుంటారా? "ఏమే, నీ నెత్తిన గిజిగాడు గూడు కట్టాడా?" అనేవాళ్ళు.

అప్పుడు ఇందు పార్లర్ లీలక్క దగ్గరికి పరుగెత్తింది. లీలక్క ఏదో మందు పూసింది. ముక్కు బద్దలయ్యే వాసన. నెత్తి భగభగమంది. కానీ కడిగాక ఉంగరాలన్నీ పోయి, జుట్టు వానధారలా జారింది.

మంచిదేగా అంటావా? ఆగు. మందు పూసినదానికి పూశారు గానీ, కొత్తగా మొలిచే జుట్టుకి ఆ సంగతేం తెలుసు? అది ఉంగరాలు తిరుగుతూనే వచ్చింది. పైన ఉంగరం, కింద సాఫు. రెండూ కలిసేచోట దువ్వెన తగిలితే పుటుక్కున తెగేది.

ఇందు రెండోసారి వెళ్ళింది. ఈసారి నెత్తి పొక్కింది. జడ ఎలకతోకంత అయింది.

అంతలో వసుంధరకి పెళ్ళి కుదిరింది. "తోడపెళ్ళికూతురుగా నా పక్కన నువ్వే కూర్చోవాలి. నాకెలాంటి పూలజడో నీకూ అలాంటిదే," అంది అక్క. పూలజడంటే ఇందుకి చిన్నప్పటినుంచీ ప్రాణం. కానీ ఎలకతోకకి పూలజడ ఎలా కుడతారు? ఆ బెంగతో అన్నం సయించలేదు. లేస్తుంది, కూర్చుంటుంది, అద్దం చూస్తుంది.

మూడోసారి లీలక్క కుర్చీలో కూర్చుంది. లీలక్క తల చూసి, "పుయ్యమంటే పూస్తానే. తర్వాత పువ్వు పెట్టుకోడానికి వెంట్రుక లేదని నన్ననకు," అంది.

ఇందు కుర్చీలోంచి దిగ్గున లేచి వచ్చేసింది.

దారిలో వాన తడిపేసింది. ఇంటికొస్తే తాళం. అందరూ పెళ్ళిచీరలకి వెళ్ళారు. అప్పుడు పక్కింటి కామేశ్వరి పిన్ని, "వీడిని కాస్త ఎత్తుకోవే, బియ్యం పొయ్యి మీద పెట్టొస్తాను. కదిలావా, లేస్తాడు!" అని చంటివాణ్ణి చేతుల్లో పడేసి పోయింది.

ఇంకేముంది? చేతులు ఖాళీ లేవు. తల తుడవడానికి లేదు, దువ్వడానికి లేదు. గోడచాటున గాలి తగలకుండా కూర్చుంది. తల దురద, కాళ్ళకి దురద. కదిలితే వాడు లేస్తాడు! అలా బిగపట్టుకుని కూర్చోగా కూర్చోగా జుట్టు దానంతటదే ఆరింది.

పిన్ని వచ్చి, "ఇదేంటే, నీ జుట్టు మొదళ్ళ దగ్గర ఎవరో గొలుసులు అల్లారు!" అంది.

ఇందు పిన్ని వాళ్ళింటి అద్దంలో చూసుకుంది. నిజమే. ఉంగరం పక్కన ఉంగరం. ఎవరూ కొట్టలేదు, ఎవరూ లాగలేదు. అప్పుడు తెలిసింది. తన జుట్టు చెడ్డది కాదు. అక్క జుట్టుకి చేసే తలంటు తన జుట్టుకీ చేశారు.

అది దీనికి ఎందుకు పడదో చెప్తా, విను. జారుడుబల్ల మీద నువ్వు సర్రున కిందకి వస్తావు కదా. సాఫు జుట్టు మీద నెత్తిలోని జిడ్డు అలాగే చివరిదాకా జారుతుంది. అదే మెలికల మెట్లయితే? తిరిగి తిరిగి సగంలోనే ఆగిపోతావు. అందుకే ఉంగరాల జుట్టుకి చివర్లు ఎప్పుడూ దాహంగా ఉంటాయి. వాటికి మెత్తగా ఏదైనా పట్టించాలి.

ఇందు మందారాకులు పిసికి జిగురు తీసింది. కుంకుడురసం నెత్తికి మాత్రం నెమ్మదిగా రాసి కడిగింది. ఆ తర్వాత జిగురు చివర్లకి పట్టించింది. అంతా బాగానే ఉంది గానీ, ఆరాక చెయ్యి ఊరుకోక దువ్వేసింది. దువ్వెన పళ్ళు విరిగాయి, జుట్టు పీచయింది.

పై ఆదివారం బుద్ధిగా, జిగురు ఉండగానే పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో, కొసల దగ్గర మొదలుపెట్టి పైకి చిక్కు తీసింది. అంతలో వెనకనుంచి టప్! "తడితలతో జలుబు చెయ్యదూ?" అంటూ నాయనమ్మ తువ్వాలుతో కొట్టేసింది. మళ్ళీ గిజిగాడి గూడే.

మూడో ఆదివారం ఇందు తువ్వాలు లాక్కుంది. "నాయనమ్మా, నీకు దణ్ణం పెడతా, ఈ ఒక్కసారీ కొట్టకు!"

"తుమ్ములొస్తే నా దగ్గరికి రాకు," అంది నాయనమ్మ.

ఇందు పాత నూలుపంచెతో తడి ఒత్తుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అబ్బ, ఎంత కష్టమో దానికి! కానీ ఉంగరాలు వచ్చాయి. వాటి కింద మాత్రం మందు తిన్న చివర్లు గడ్డిపోచల్లా వేలాడాయి.

వాటిని కత్తిరిస్తే పూలజడ ఉండదు. ఉంచితే జుట్టు తెగుతూనే ఉంటుంది. ఇందు ఇంట్లోంచి ఒడ్డుకి, ఒడ్డునుంచి ఇంట్లోకి తిరిగింది. తిరిగి తిరిగి కత్తెర తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

"పూలజడ పోతుందే!" అంది అక్క.

"పోనీ అక్కా. కొయ్యి."

పెళ్ళిరోజు వచ్చింది. చెవులదాకా జుట్టుతో తోడపెళ్ళికూతురు. చుట్టాలు మూగారు. "అయ్యో, తిరపతి మొక్కేమైనా ఉందా?" అని ఒకావిడ. "పేలు పడ్డాయేమో," అని ఇంకొకావిడ. ఇందుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు వసుంధర పీటల మీదకి వెళ్ళబోతూ ఆగింది. మల్లెపూలు దోసిట్లోకి తీసుకుని, ఇందు జుట్టులో ఒక్కో ఉంగరంలో ఒక్కో పువ్వు దూర్చింది. దారం లేదు, పిన్ను లేదు.

అప్పుడు గాలి వచ్చింది. ఊరికే ఉంటుందా మరి! పందిరి ఎగిరెగిరిపడింది. మొక్కు అన్నావిడ తలలో చామంతి ఎగిరి పాయసంలో పడింది. పేలు అన్నావిడ కనకాంబరాల దండ జారి పురోహితుడి భుజాన వేలాడింది. ఇందు తలలో మల్లెలు మాత్రం కదల్లేదు. ఉంగరాలన్నీ వాటిని పిడికిట్లో పట్టుకున్నాయి.

నాయనమ్మ దగ్గరికొచ్చి ఒక పువ్వు లాగి చూసింది. ఊడి రాలేదు. "వచ్చే ఆదివారం నాకూ నువ్వే తలంటవే," అంది.

"నీకు ఉంగరాల్లేవుగా నాయనమ్మా!"

"లేకపోతేనేం? ఎన్నేళ్ళనుంచో మీ అమ్మ చేత తువ్వాలు దెబ్బలు తింటున్నా. ఒక్కరోజు హాయిగా కూర్చుంటాను."

ఏం బుజ్జులూ, కాళ్ళు ఆడించడం మానేశావు? సరే మరి,

చిక్కు పోయింది దువ్వెనకి,
నురుగు పోయింది కాలవకి,
గాలి పోయింది కడలికి,
కథ పోయింది కంచికి,
కునుకొచ్చింది కంటికి.