అలిగిన పిలకలు

కోలాటం గురువు దాలమ్మకు ఒక అలవాటు. ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పదు, చేతికి పని చెబుతుంది. పని అయ్యేసరికి అడిగిన మనిషి జవాబు తెలుసుకునైనా వెళ్ళాలి, అడిగినందుకు సిగ్గుపడైనా వెళ్ళాలి. మూడో దారి ఆవిడ దగ్గర లేదు.

ఆ ఏడు మాఘమాసంలో శిష్యురాలు పైడితల్లి ఏడుపు మొహంతో ఆవిడ పెరట్లోకి వచ్చింది. మోకాళ్ళ నొప్పితో ఆట మానుకున్నాక దాలమ్మ తన జట్టును ఈ పిల్ల చేతిలోనే పెట్టింది. పిల్లది వెన్నలాంటి మనసు. వస్తానన్న ఆడదాన్నల్లా చేర్చుకుంది. కాదనడం చేతకాదు. వలయం ఉబ్బిపోయింది. పొరుగూరి తీర్థంలో ఒకరి కోల ఇంకొకరి వేలికి తగిలి, పాట ఒక దారి, అడుగు ఒక దారి అయిపోతే జనం ఈలలేసి నవ్వారు. ఆ నవ్వు విన్న నాటి నుంచి దాలమ్మ ఆ ఊరి మంచినీళ్ళు ముట్టదు. చైత్రంలో సొంతూరి అమ్మవారి సంబరం. అక్కడా నవ్వులపాలైతే జట్టు ఇంక లేవదు.

"గురువమ్మా, కొందరిని తీసెయ్యాలి, తెలుసు. ప్రేమగా వచ్చినోళ్ళని పొమ్మనడం ఎలాగ?"

దాలమ్మ తాను వంగలేక నెల్లాళ్ళుగా వదిలేసిన టమాటా మొక్క వైపు గడ్డం ఎగరేసింది. "అడవిలా ఉంది. కాయేదే?"

కాయ లేదు. అంతా ఆకే.

"ఆకు చంకలో పిలక మొలిచింది చూడు. విరిచెయ్."

పైడితల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది. "పచ్చటి కొమ్మ కదమ్మా, పాపం."

"తల్లి నోటికాడ కూడు లాక్కుంటోంది అది. పాపమేదో నాకే చుట్టుకోనీ. విరువు."

విరిచింది. వేళ్ళు పచ్చబడి ఘాటు వాసన పట్టేశాయి. చివరికి మొక్క ఒంటి కాడతో, తల గొరిగించుకున్న మనిషిలా బిక్కచచ్చి నిలబడింది. పిలకల్ని పోగేసి గోడ అవతల విసరబోతే దాలమ్మ కేకేసింది.

"పారెయ్యమన్నానా? విరవమన్నాను."

వాటి కింది ఆకులు గిల్లించింది. నీడపట్టున మట్టి తడిపించి, అందులో గుచ్చించింది.

మర్నాడు వచ్చి చూస్తే అన్నీ తలలు వేలేశాయి. "చచ్చిపోయాయి గురువమ్మా. నేనే చంపేశాను."

"ఒలే, అలిగినదానికీ చచ్చినదానికీ తేడా తెలీదేటే నీకు? నీళ్ళు పోసి ఊరుకో."

అలకల సంగతి ఆవిడకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలీదు. తోడికోడలితో మాట్లాడి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. ఎందుకు మానేసిందో మాత్రం నిన్న జరిగినట్టు చెబుతుంది.

ఆత్రం పట్టలేక పైడితల్లి వేరొచ్చిందేమోనని ఒక పిలకను పైకి లాగబోయింది. చేతి మీద కోలతో ఒక్కటి పడింది. "పీకి చూసుకుంటే ఏ మొక్క బతుకుతుందే?"

వారం తిరిగేసరికి పిలకలన్నీ తలలెత్తాయి.

ఆ సాయంత్రమే పైడితల్లి జట్టును కూర్చోబెట్టింది. ఆగకుండా, తరవాత చేరి బయటి వలయంలో ఆడుతున్న వాళ్ళందరి పేర్లూ చదివింది. "ఇక నుంచి మీది వేరే జట్టు. ఆడుకోడానికి గురువమ్మ నూర్పుల కళ్ళం మీకు. పాట మీరే కట్టుకోండి. సింహాచలం ముందు నడుస్తుంది."

సింహాచలం అంటే ఆ గుంపులో నోరూ కాలూ రెండూ గట్టివైన మనిషి. కోలలు నేలకేసి కొట్టింది. "నీకు పనికిరానోళ్ళం, ఇంకోచోట పనికొస్తామేటి? బాగుందే వరస!" కొంగు విదిల్చి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ ఆమె వెనకే.

పైడితల్లి బతిమాలడానికి పోలేదు. డోలు వాయించే మనిషిని మాత్రం రోజూ ఆ కళ్ళానికి పంపింది. మొదట్లో అతను ఒక్కడే కూర్చుని తిరిగొచ్చేవాడు. తరవాత తిరిగి రావడం ఆలస్యమైంది. ఆ వైపు నుంచి కోలల చప్పుడు వినిపించిన రోజున పైడితల్లి తొంగి చూడాలనుకుని, అరచేయి కొరుక్కుని ఆగింది.

సంబరం నాడు ముందు పైడితల్లి జట్టు దిగింది. కోల మీద కోల ఒక్కటే చప్పుడు. ఆట అయ్యాక జనం ఒక్కసారిగా హోరెత్తారు. ఆ హోరు అణగకముందే వీధి రెండో కొస నుంచి సింహాచలం జట్టు విరుచుకుపడింది. ఎవరూ వినని పాట, ఎవరూ వెయ్యని అడుగు. నాడు ఈలలేసిన పొరుగూరి వాళ్ళే ఒకర్నొకరు తోసుకుంటూ అరుగులెక్కి చూశారు. పైడితల్లి గొంతు పోయేలా కేకలు పెట్టింది. సింహాచలం ఆమె పక్కనుంచే తిరుగుతూ, కావాలని మొహం తిప్పుకుని పోయింది.

పైడితల్లి పరుగున గురువు దగ్గరకొచ్చింది. నవ్వూ కన్నీళ్ళూ కలిసిపోయాయి. "గెలిచాం గురువమ్మా! రెండు జట్లూ గెలిచాయి! కానీ అది ఇంకా నాతో మాటాడట్లేదు."

దాలమ్మ వలయం మీదనుంచి చూపు తిప్పలేదు.

"మాటదేముందే. దాని కాలు చూడు."