దాలమ్మ రెండు కుండలు

"దాలమ్మా! ఓ దాలమ్మా! ఏడున్నావే తల్లీ!"

రాజుగారి వడ్ల కొఠారు ముంగిట్లో నిలబడి కామునాయుడు పిలుస్తున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర ఒక మట్టికుండ ఉంది. దానికి పసుపు పూసి, మెడకి మొగలిరేకులు చుట్టారు. చనిపోయినవాళ్ళ కుండని అలాగే తెస్తారు.

అది ఆ రోజు మొదటి పిలుపు.

ఎదుటి వరసలో, ముసుగు కింద, దాలమ్మ ఆ పిలుపు వింది. నేల చీలితే అందులోకి దిగిపోదును కదా అనుకుంది.

ఇది సముద్రం ఇంకా ఉప్పదనం నేర్చుకుంటున్న రోజుల మాట. కెరటాలు ఒడ్డుకొచ్చి మనుషుల ముచ్చట్లు వినిపోయే రోజుల మాట.

ఆ తీరాన ఒక ఏరుండేది. ఏటికి ఉత్తరాన కామునాయుడి ఉప్పుమడులు, దక్షిణాన తవిటినాయుడి ఉప్పుమడులు. కూలి వడ్లలో ఇచ్చేవారు. ప్రతి కూలిలోంచీ పిడికెడు రాజుగారి పాలు. ఆ పిడికెడూ నాయుడే తీసి, ఆ మనిషి పేరున పెట్టిన కుండలో పోసేవాడు. ఏడాదికి మనిషికి ఒక్క కుండ. నిండిందా, మూతికి మట్టి మెత్తేవారు. ఆపైన కూలంతా కూలివాళ్ళదే.

మరి ఏడాది నడుమ ఒకరి దగ్గర మాని ఇంకొకరి దగ్గర చేరితే? పాత కుండ ఎంత నిండిందో కొత్త నాయుడికి ఎలా తెలుస్తుంది? ఆయన కొత్త కుండ పెట్టి అడుగునుంచి నింపుతాడు. ఏడాది చివర రెండు కుండలూ కొఠారుకి చేరతాయి. ఎక్కువైన వడ్లు తిరిగిస్తారు, ఇవ్వకేం! కాని రాజు తనంతట అడగడు, నాయుడూ అడగడు. పోసిన మనిషే అందరి ముందుకీ వచ్చి 'ఈ రెండూ నావే' అనాలి. ఆ కొఠారు రోజు కుండ మీది పేరుని పొద్దున ఒకసారి పిలుస్తారు, మిట్టమధ్యాహ్నం ఒకసారి పిలుస్తారు, పొద్దు వాలేముందు ఒకసారి పిలుస్తారు. మూడో పిలుపుకీ పలక్కపోతే కుండ రాజుగారి రాశిలో కుమ్మరిస్తారు.

దాలమ్మకి ముందూ వెనకా ఎవరూ లేరు. కామునాయుడి మడుల్లో పని చేసేది. ఆ ఏడాది ఎండాకాలానికి ఆమె కుండ ముప్పాతిక నిండింది. ఆ ఎండాకాలం మడుల్లో ఉప్పు పండి, వెన్నెల ఆరబోసినట్టు మెరుస్తోంది. ఇక గీసి ఎత్తడమే. ఆ మధ్యాహ్నం కాపలా దాలమ్మది. సముద్రపు పోటు రాకముందే, మడుల్లోకి నీళ్ళు రాకుండా తూము పలక దించాలి. అంతే పని. అంబలి తాగింది, గట్టు మీద వాలింది, మబ్బుల్ని చూసింది. మబ్బులు పడవల్లా పోతున్నాయి. వాటితోపాటు ఆమె రెప్పలూ వాలిపోయాయి.

లేచేసరికి నీళ్ళు. ఊరందరి ఎండాకాలపు చెమట, నీళ్ళలో కరిగిపోయింది.

చుట్టూ ఎవరూ లేరు. ఊరివాళ్ళకి ఏ ముఖం చూపించను అనుకుంది. ఏరు దాటి పారిపోయింది.

తవిటినాయుడు అడిగాడు: "నీ పేరేటమ్మా?"

"గౌరి, బాబూ."

"ఉప్పు పని ఎక్కడైనా చేశావా?"

"లేదు బాబూ. ఇదే మొదలు."

"ఏడాది పనిరోజుల్లో సగం పోయాయి కదా. నీ కుండ నిండాలంటే పిడికెడు చాలదు. రెండేసి పిడికిళ్ళు తీస్తాను మరి."

నా కుండ అవతల ముప్పాతిక నిండింది బాబూ, అని గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

ఆదెమ్మ అనే ముసలమ్మ తన గుడిసెలో చోటిచ్చింది. రెండేసి పిడికిళ్ళు పోగా మిగిలిన కూలి ఇద్దరికీ చాలేది కాదు. "నాకు పళ్ళే లేవు, వడ్డించి ఏటి లాభం? నువ్వు తినే" అనేది ఆదెమ్మ. తినేది దాలమ్మ.

ఇంతలో ఉత్తరాన ఏమైంది? తూము పలక ఎత్తి ఉంది. పిల్ల లేదు. "తవిటినాయుడి మనుషులే పలకెత్తేశారు. అడ్డొచ్చిన పిల్లని పోటులో తోసేశారు" అన్నారు. ఒడ్డున ఆమె పేర రాయి పాతారు, దీపం పెట్టారు, పాట కట్టారు. 'రెప్ప వాల్చని కాపలా మా దాలమ్మ' అని ఆ పాట. గాలి అటునుంచి వీస్తే ఏటికివతలకి వినిపించేది. దాలమ్మ చెవులు మూసుకునేది. రెండు ఊళ్ళ మధ్యా నిప్పూ నీళ్ళూ ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయింది.

అలా ఏడాది ముగిసి కొఠారు రోజు వచ్చింది. గౌరి పేరున కుండ నిండుగా వచ్చింది. దాలమ్మ పేరున కుండ పసుపుతో వచ్చింది. ఒకే చేతి కష్టం, రెండు వరసల్లో.

మధ్యాహ్నం పిలిచారు.

"దాలమ్మా! ఓ దాలమ్మా!"

"పలకదులే నాయుడా! మింగినోళ్ళు ఎదురుగానే ఉన్నారు, వాళ్ళనడుగు!" అని ఉత్తరపు వరసలో ఒకడు అరిచాడు.

"నోరు ముయ్యరా! మీ ఉప్పు మాకెందుకు? మా ఉప్పే మాకు అమ్ముడుపోక ఏడుస్తున్నాం!" అని ఇటునుంచి ఇంకొకడు.

ఆదెమ్మ దాలమ్మ చెవిలో అంది: "ఓలే గౌరీ, ఆ సచ్చిన పిల్లదే అదృష్టం. నాను సస్తే నాకు మొగలిరేకులు ఎవులెడతారే?" నవ్వబోయి దగ్గింది, దగ్గుతూ కూలబడింది. పొద్దుటినుంచి అలా పడటం అది మూడోసారి. వానలు దగ్గరపడ్డాయి. వానల్లో మడులు మూతే, కూలి ఉండదు. గుడిసెలో గాదెబుట్ట అడుగు కనిపిస్తోంది.

పొద్దు వాలింది. మూడోసారి పిలిచారు. కామునాయుడు కళ్ళు తుడుచుకుని, కుండ ఎత్తి, రాశివైపు వంచబోయాడు.

"అన్నేసి వడ్లే!" అంది ఆదెమ్మ గాలి పీలుస్తూ. "ఆ పిల్ల బతికుంటే ఒక్క సేరు అడుగుదును. ఈ వానలు గట్టెక్కేద్దును."

దాలమ్మ ముసుగు తీసింది. అటు వరసకేసి నడిచింది.

ఆమె నడుస్తూ ఉండగానే మిగతాది చెప్పేస్తాను. ఆమె నోరు విప్పాక ఈ కథలో ఇంకెవరూ మాట్లాడకూడదు. మా ఉప్పుమడుల వాళ్ళ ఆనవాయితీ అది. ఆమె మాట వినగానే కథ వింటున్నవాళ్ళు లేచి, చప్పుడు చెయ్యకుండా ఇళ్ళకి పోతారు.

కొఠారు చూసే పెద్దమనిషి, పసుపు కుండ మొత్తం ఆమె కొంగులో పోయించాడు. ఆదెమ్మ ఆ వానలు గట్టెక్కింది. కామునాయుడు దాలమ్మ ముఖం మళ్ళీ చూడలేదు. కాని మర్నాడు తానే ఏరు దాటి, తవిటినాయుడి పొయ్యిలోంచి నిప్పు అడిగి తెచ్చుకున్నాడు. ఒడ్డున రాయి పీకేద్దామన్నారు కుర్రాళ్ళు. "ఉండనీండి. ఎప్పటికైనా కావాలి కదా" అన్నాడట ఆయన. ఆ రాయి పక్కనుంచే దాలమ్మ బతికినన్నాళ్ళూ తలవంచుకుని నడిచింది. చనిపోయాక దాని కిందే పడుకుంది.

ఇవాళ్టికీ ఏడాది నడుమన మడి మారినవాళ్ళు ఆ రాయి మీద పిడికెడు వడ్లు పోస్తారు. కొత్త కుండ మీద వేలు పెట్టి, "అక్కడ నాది ఇంతదాకా నిండింది బాబూ" అని గట్టిగా చెబుతారు. సిగ్గుపడితే పెద్దవాళ్ళు ఊరుకోరు. "ఆ సిగ్గంతా దాలమ్మే పడింది, నువ్వు చెప్పవే" అంటారు.

ఇదిగో, ఆమె చేరుకుంది. కామునాయుడి చేతిలో కుండ ఆగిపోయింది.

"నువ్వు... బతికే ఉన్నావా తల్లీ?"

దాలమ్మ ఆయన కాళ్ళవైపే చూస్తూ, రెండు ఊళ్ళూ వినేలా చెప్పింది.

"ఈ కుండ నాదే, బాబూ. ఆ కుండా నాదే. గౌరీ నానే, దాలమ్మా నానే. నన్నెవులూ తొయ్యలేదు. పలక ఎవులూ ఎత్తలేదు. నానే దించలేదు. నిద్దరోయాను."