పదిహేడు కార్డుల అధికారి

మా కుంతలగిరి మహారాజు గారికి వింత వస్తువులంటే ప్రాణం. ఒక ఏడాది సముద్రం అవతలి నుంచి లెక్కల యంత్రాన్ని తెప్పించారు. అది పట్టే చోటు ఏనుగుల శాల ఒక్కటే కాబట్టి ఏనుగుల్ని బయట కట్టేసి దాన్ని లోపల పెట్టాం. ఆ గదికి అధికారిని నేను, శరభయ్యను. తాళంచెవి మొలతాడుకు వేలాడేసుకుని నేను నడుస్తుంటే ఏనుగులే పక్కకి తప్పుకునేవి.

ఒక్కో శాఖ వాళ్ళు తమ లెక్కను, యంత్రం చదువుకునేలా చిల్లులు పొడిచిన అట్టకార్డుల కట్టగా తెచ్చేవారు. నేను కట్ట అందుకుని, దుమ్ము దులిపి, యంత్రం నోట్లో పెట్టేవాణ్ణి. లెక్క తేలగానే "తరువాత ఎవరు?" అని అరిచేవాణ్ణి. కట్టలో తప్పుంటే "తప్పులతడక, తీసుకుపో" అని గుమాస్తా మొహానే విసిరేవాణ్ణి. మధ్య మధ్య కాస్త మజ్జిగ. అలా రోజుకి ఇరవై కట్టలు. ఇంతకన్నా వేగం లోకంలో లేదని అందరికీ చెప్పేవాణ్ణి, చెప్పీ చెప్పీ నేనూ నమ్మేశాను.

ఒక ఉదయం మహారాజు గారు వచ్చేసరికి యంత్రం ఊరికే ఉంది. నా మూతికి మజ్జిగ అంటుకుని ఉంది.

"రేపు పొద్దుగూకే లోపల అరవై కట్టలు తేలాలి. ఎవరు తేలిస్తే తాళంచెవి వాళ్ళది" అన్నారు.

తాళంచెవి లేకపోతే నేను ఉత్త శరభయ్యను. ఇంకో రెండు యంత్రాలు కావాలని మనవి చేసుకున్నాను. మూల కూర్చుని కార్డులకు చిల్లులు పొడిచే భ్రమరాంబ మాత్రం ఉన్నది చాలంది. నెల రోజులుగా యంత్రం పనిచేసినంతసేపూ ఒక ముంతలో, ఊరికే ఉన్నంతసేపూ ఇంకో ముంతలో చింతగింజలు వేస్తోందట. మొదటి ముంతలో అడుగు కూడా నిండలేదు. రెండోది పొంగిపొర్లుతోంది.

"మరి అది ఎవరి కోసం ఆగుతోంది?" అన్నారు మహారాజు గారు.

ఆవిడ నా మూతి వంక చూసింది. నేను తుడుచుకున్నాను.

మర్నాడు సభంతా శాలకి తరలివచ్చింది. భ్రమరాంబ అరవై కట్టల్నీ వరసగా పేర్చి, ఏ కట్ట ఎక్కడ ముగిసిందో యంత్రానికి తెలిసేలా మధ్య మధ్య ఒక్కో పసుపు కార్డు పెట్టింది. అన్నిటికన్నా ముందు ఒక చిన్న కట్టను యంత్రానికి తినిపించి, అది లోపలే ఉండిపోతుందని చెప్పింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆవిడ అటు తిరగగానే నలభయ్యో కట్టలో కార్డుల్ని తారుమారు చేశాను. యంత్రం అక్కడ మొరాయిస్తే తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

యంత్రం మొదటి కట్ట ముగించి, ఎవరినీ అడగకుండా రెండోది అందుకుంది. తరువాత మూడోది. నలభయ్యోది వచ్చింది. యంత్రం టకటకా కాగితం మీద అచ్చు కొట్టింది.

"తప్పులతడక, తీసుకుపో. తరువాత ఎవరు?"

ఆ వెంటనే నలభై ఒకటోది అందుకుంది. సభంతా నా వైపు తిరిగింది. భ్రమరాంబ ప్రతి కట్ట అంచు మీదా ముందే ఏటవాలుగా సిరాగీత గీసి ఉంచిందట. చెదిరిన గీతను చూసుకుంటూ కార్డుల్ని చకచకా సర్ది, ఆ కట్టను చివర్లో పెట్టింది. మధ్యాహ్న భోజనానికి ముందే అరవై తేలిపోయాయి.

లోపల ఉండిపోయిన ఆ చిన్న కట్ట ఏమిటని మహారాజు గారు అడిగారు.

"శరభయ్య గారే, ప్రభూ. రోజూ ఆయన చేసేదంతా అందులో పొడిచాను. పదిహేడు కార్డులు పట్టింది."

పదిహేడు! నేను కనీసం రెండు వందలైనా ఉంటాననుకున్నాను.

"మొత్తం వచ్చేశాడా?" అన్నారు మహారాజు గారు.

"మజ్జిగ తాగడం ఒక్కటీ రాలేదు, ప్రభూ. అది ఆయనే చెయ్యాలి."

సభ పగలబడి నవ్వింది. అందరికన్నా ముందు నవ్వింది నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటాను గానీ, అది అబద్ధం. మహారాజు గారు తాళంచెవి నా మొలతాడు నుంచి విప్పించి భ్రమరాంబ చేతికిచ్చారు. నాకు వెండి చెంబు నిండా మజ్జిగ ఇప్పించారు. నాకు మిగిలిన ఉద్యోగం అదే కదా అని, అందరూ చూస్తుండగా గటగటా తాగేశాను.