సీరియల్ కోసం అన్నం మానేసిన సూరీడమ్మ

అనగనగా ఒక ఊరర్రా. ఆ ఊళ్ళో రాజూ లేడు, మంత్రీ లేడు. ఏడున్నర సీరియల్ ఉంది. ఏడున్నరయిందంటే పాలవాడు పాలు పొయ్యడు, టైలరు మిషను తొక్కడు, వీధిలో పోట్లాడుకునేవాళ్ళు కూడా మిగతాది ఎనిమిదింటికి చూసుకుందామని ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళిపోతారు. ఊఁ కొడుతున్నారా? కొట్టండి మరి. నాలో నేను చెప్పుకోడానికయితే నోరెందుకు నొప్పెట్టుకోవడం.

ఆ ఊళ్ళో సూరీడమ్మ అని ఒకావిడ ఉండేది. డెబ్భై దాటాయి, పైగా షుగరు. ఒక్కడే కొడుకు, బస్సు కండక్టరు. కోడలి పేరు మంగతాయారు. అంగన్‌వాడీ టీచరు. రోజూ పాతికమంది పిల్లల్ని బతిమాలి, బుజ్జగించి, అన్నం తినిపించి ఇంటికొచ్చే మనిషి.

ఆ సీరియల్లో పల్లవి అని ఒక కోడలుంది. త్రిపురసుందరీదేవి అని దానికో అత్త. అలాంటిలాంటి అత్త కాదర్రా. కళ్ళకింత కాటుక, మెడలో ఇంత హారం, పడుకున్నా పట్టుచీరే. ఒకరోజు ఆ అత్త, పల్లవి మీద లేనిపోని నింద వేసి, జోరువానలో బయటికి గెంటి, తలుపు గడియ పెట్టేసింది. ఊరంతా అయ్యో అంది. ముందు ఆ మొగుణ్ణనాలి, గుడ్లప్పగించి చూస్తాడేం అన్నాడు పాలవాడు. పల్లవికి మాత్రం నోరు లేదా అంది టైలరు పెళ్ళాం. రెండ్రోజులు ఊరు రెండు ముక్కలయింది. మూడోరోజుకి అందరూ మామూలైపోయారు. సూరీడమ్మ మాత్రం అవలేదు.

పల్లవిని గెంటేసిన పూటే కంచం ముందు పెడితే పక్కకి తోసేసింది. ఏమిటత్తయ్యా అని మంగతాయారు అడిగితే, ఆ పిల్ల తినలేదుగా అంది. అంతే.

సీరియల్లో రోజంటే మన రోజు కాదర్రా. పల్లవి ఒక రోడ్డు దాటాలంటే మనకి రెండ్రోజులు పడుతుంది. వానకి ఓ చూరు కింద నిలబడితే మూడ్రోజులు. దానికి ఒక్క పూట పస్తు, సూరీడమ్మకి వారం పస్తు. మజ్జిగనీళ్ళ మీదే బతికింది. పల్లవి తినలేదు గనక అత్త తినలేదు, అత్త తినలేదు గనక కోడలు తినలేదు, కోడలు తినలేదు గనక కొడుకు తినలేదు, కొడుకు తినలేదు గనక బస్సులో ఎక్కినవాళ్ళందరికీ చీవాట్లు. ఊఁ?

మంగతాయారు అన్ని విధాలా చూసింది. అదంతా నటనే అత్తయ్యా, ఆ పిల్ల ఈపాటికి ఏ హోటల్లోనో బిర్యానీ తింటూ ఉంటుంది అంది. సూరీడమ్మ వినలేదు. రేపటి భాగం ఫోన్లో ముందే వచ్చింది, పల్లవికి ఎవరో అన్నం పెట్టారు అని కోడలు ఇంకో ఎత్తు వేసింది. నా మీద ఒట్టేసి చెప్పు అంది సూరీడమ్మ. మంగతాయారు ఒట్టెయ్యలేకపోయింది. పాతికమంది పిల్లలు వింటారుగానీ ఈవిడ వినదే అని పెరట్లోకెళ్ళి కళ్ళొత్తుకుంది.

తొమ్మిదోరోజు పొద్దున్న సూరీడమ్మ పళ్ళు తోముకుంటూ నూతి దగ్గర పడిపోయింది. డాక్టరొచ్చి, మాత్ర వేసుకుని అన్నం తినకపోతే షుగరు పడిపోదా, ఈసారికి బతికింది, ఇంకోసారి ఇలాగే పడితే నేను చెప్పలేను అన్నాడు.

ఆ మర్నాడే పక్క టౌన్లో చీరల కొట్టు ప్రారంభానికి త్రిపురసుందరీదేవి వస్తోందని మైకులో చెప్పుకుంటూ ఆటో తిరిగింది. మంగతాయారు సెలవు పెట్టి, బస్సెక్కి పోయింది. అక్కడ జనమంటే జనం. కొందరు ఫోటోలంటున్నారు, కొందరు దుమ్మెత్తి పోస్తున్నారు. ఒక ముసలావిడ అయితే చేతిలో చీపురు కూడా తెచ్చింది. ఆ నటి అసలు పేరు సామ్రాజ్యం. నాటకాల్లో ముప్పై ఏళ్ళు వేషాలేసి, వయసు మీద పడ్డాక టీవీలోకొచ్చింది. తిట్టినవాళ్ళకీ పొగిడినవాళ్ళకీ ఒకే నవ్వు నవ్వుతోంది.

మంగతాయారు జనాన్ని తోసుకుని ముందుకెళ్ళి, "అమ్మా, మీవల్ల మా అత్తగారు అన్నం మానేసి పది రోజులయింది. నిన్న పడిపోయింది" అంది.

సామ్రాజ్యం అలవాటుగా నవ్వబోయింది. మంగతాయారు మొహం చూసి నవ్వు ఆపేసింది. మీ ఊరెంత దూరం అని అడిగింది.

అదే పట్టుచీరలో, అదే హారంతో, ఆవిడ సూరీడమ్మ మంచం ముందుకొచ్చి నిలబడింది. గుమ్మంలో వీధి వీధంతా పోగయింది. సూరీడమ్మ లేచి కూర్చుంది. పది రోజుల నీరసం ఎటు పోయిందో.

"తలుపెందుకు వేశావే?" అంది.

సామ్రాజ్యం మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"రెండ్రోజులే! గొడ్లచావిట్లో కూచుంటే గేదెలకి కుడితి పెట్టి పోయావుగానీ, నావైపు చూశావా? పదిహేనేళ్ళదాన్ని. పాలు విరిగిపోతే నాదా తప్పు?"

మంగతాయారుకి అర్థం కాలేదు. పల్లవికి గొడ్లచావిడెక్కడిది? పాలు విరగడమెక్కడిది? అప్పుడు తెలిసిందర్రా. ఇది పల్లవి మాట కాదు. సూరీడమ్మ కాపరానికొచ్చిన కొత్తలో ఆవిడ అత్తగారు చేసిన పని. యాభై అయిదేళ్ళు ఆ సంగతి మొగుడికి చెప్పలేదు, కొడుక్కి చెప్పలేదు. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్న కోడలికీ చెప్పలేదు.

"నేను ఆవిణ్ణి కాదు పెద్దమ్మగారూ" అంది సామ్రాజ్యం మెల్లిగా. "ఆవిడున్నారా?"

"ఎప్పుడో పోయింది. మంచంలో ఉంటే నేనే చాకిరీ చేశాను. తలుపెందుకు వేశావని ఒక్కనాడూ అడగలేదు."

"పల్లవి ఇంకో పదిహేను రోజులు తిరుగుతుందండీ. నేను ఆపలేను, రాసేవాళ్ళు వేరే. కానీ ఒకరి బదులు ఇంకొకరిగా నిలబడటం నా పని. ఆవిడ బదులు నేనుంటాను. అడగాల్సినవన్నీ అడగండి."

ఇంక చూస్కోండి. ఉప్పెక్కువైందని కొట్టిన సంగతి, పుట్టింటికి పంపని సంగతి, తమ్ముడొస్తే వాకిట్లోనే నిలబెట్టిన సంగతి, పురిటి మంచం మీద కూడా సణిగిన సంగతి. ఒకటి అయ్యాక ఒకటి, ఒకటి అయ్యాక ఒకటి. గోడ గడియారం గంట కొట్టింది, మళ్ళీ కొట్టింది. సామ్రాజ్యం కదలకుండా నిలబడే ఉంది. గుమ్మంలో ఆడవాళ్ళు ముందు కిసుక్కుమన్నారు. తరవాత తరవాత ఎవరూ నవ్వలేదు. చివరికి సూరీడమ్మకి ఊపిరందక ఆగిపోయింది.

అప్పుడు సామ్రాజ్యం వంగి, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"తప్పయిపోయింది సూరీడూ. తలుపు తియ్యాల్సింది. లోపలికి రా, అన్నం తిందువుగాని."

మంగతాయారు పరుగున పోయి పప్పన్నం తెచ్చింది. సామ్రాజ్యం నెయ్యేసి కలిపి ముద్ద పెడితే, సూరీడమ్మ నోరు తెరిచింది. నాలుగు ముద్దలు తిన్నాక, ఉప్పు తక్కువైందే అంది కోడలితో. అమ్మయ్య, మా అత్తయ్య మాకు దక్కింది అనుకుంది మంగతాయారు.

సీరియల్ మాత్రం మారలేదర్రా. సామ్రాజ్యం చెప్పినట్టే పల్లవి ఇంకో పదిహేను రోజులు తిరిగింది. సూరీడమ్మ కంచం ఒళ్ళో పెట్టుకుని, తింటూ చూసింది. పక్కింటివాళ్ళు త్రిపురసుందరీదేవిని తిడుతుంటే అడ్డురాలేదు, తిట్టనిచ్చింది. కానీ ఆవిడ తెర మీదికొచ్చినప్పుడల్లా, ఈవేళ భోంచేసిందో లేదో అని మంగతాయారుని అడిగేది. మంగతాయారు ఫోన్ చేసి కనుక్కునేది కూడా. ఆ తరవాత అత్తా కోడళ్ళిద్దరూ సాయంత్రాలు టీవీ కట్టేసి కూడా బోలెడు కబుర్లు చెప్పుకునేవారు. చెప్పుకోడానికి యాభై అయిదేళ్ళు ఉన్నాయిగా.

అందుకని ఏం తెలుసుకోవాలంటే, ఎవరైనా కంచం తోసేస్తే అన్నం సంగతి తరవాత, ముందు మనసులో ఏముందో అడగాలి. మీరూ చెప్పాలి, దాచుకోకూడదు. ఊఁ అనరేం? ఒకడు అప్పుడే నిద్రోయాడు.

సరే, కథని కంచి బస్సెక్కించేశాను. ఇంక మనం దుప్పటి ముసుగెడదాం.