హిమజ వదులుకున్న వేషం

విజయవాడలోని ఒక కట్టడాల డిజైన్ ఆఫీసులో హిమజ అనే ఇంజనీరు ఉండేది. ఆఫీసు పనిని ఏనాడూ వాయిదా వేయని ఆ అమ్మాయి, తనకు ఇష్టమైనదాన్ని మాత్రం ఎప్పుడూ వాయిదా వేస్తూ ఉండేది.

ఆమెకు ఇష్టమైనది నాటకం. హిమజ పుట్టి పెరిగింది తెనాలిలో. వాళ్ల పక్కింట్లో మాణిక్యం అనే రంగస్థల నటి ఉండేది. మాణిక్యానికి పిల్లలు లేరు. హిమజ తల్లి బడిలో టీచరు. తల్లి ఇంటికి వచ్చేదాకా పిల్ల మాణిక్యం దగ్గరే ఆడుకునేది. మాణిక్యం రిహార్సల్‌కు వెళ్తే కొంగు పట్టుకుని వెంట వెళ్లేది. అక్కడే బెంచీ మీద అన్నం తినేది, అక్కడే నిద్రపోయేది. ఒకసారి ఒక నాటకంలో తిరునాళ్లలో తప్పిపోయిన పిల్ల వేషం అవసరమైంది. "మన హిమ ఉందిగా" అంది మాణిక్యం. అలా హిమజ మొదటిసారి స్టేజి ఎక్కింది.

కాలేజీ రోజుల్లో కూడా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె నాటకాలు వేసేది. ఆ బృందానికి దర్శకుడు జోజి మాస్టారు. ఆయన ఎవరినీ అంత తేలిగ్గా మెచ్చుకునేవాడు కాదు. అలాంటి ఆయనే ఒకనాడు మాణిక్యంతో అన్నాడు: "ఈ పిల్ల ఊరికే నిలబడ్డా ఏదో చెప్తున్నట్టే ఉంటుంది." ఆ మాట విన్న రోజున హిమజకు అన్నం సయించలేదు. అంత సంతోషం.

తర్వాత ఉద్యోగం వచ్చింది. హిమజ విజయవాడలో హాస్టల్లో చేరింది. ఉద్యోగం అంటే ఆమెకు విసుగేమీ లేదు. తాను గీసిన గీత నేల మీద దూలమై నిలబడటం చూస్తే ఆమెకు గర్వంగా ఉండేది. ఏదో ఒకరోజు ఒక పెద్ద వంతెన తన చేతుల మీదుగా లేవాలని ఆమె కోరిక. అందుకని అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చేది, అందరి తర్వాత వెళ్లేది. ఎవరు ఏ పని ఇచ్చినా కాదనేది కాదు.

నాటకం మాత్రం వెనకపడింది. మొదటి ఏడాది జోజి మాస్టారు ఫోన్ చేస్తే, "ఉద్యోగం కొత్త కదా మాస్టారూ, కాస్త కుదురుకోనివ్వండి" అంది. మరుసటి ఏడాది, "ఈ ప్రాజెక్టు అయిపోగానే వస్తాను" అంది. ఆ పై ఏడాది ఆయన ఫోన్ చేయలేదు.

అయినా నాటకం ఆమెను వదల్లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పాత నాటకాల మాటలు పెదాల మీదికి వచ్చేవి. పక్కవాళ్లు వింతగా చూస్తే దగ్గినట్టు నటించేది. ఊళ్లో ఎక్కడైనా నాటకం పోస్టరు కనిపిస్తే ఆగి చదివేది. ఎవరు ఏ వేషం వేస్తున్నారో చూసేది. "వెళ్తాను, ఎక్కడికి పోతుంది నాటకం? ఇంకొంచెం పైకి వచ్చాక తీరిగ్గా వెళ్తాను" అనుకుని అడుగు ముందుకు వేసేది.

ఉద్యోగంలో చేరిన అయిదో ఏట ఒక మధ్యాహ్నం మాణిక్యం తెనాలి నుంచి రైల్లో వచ్చి, నేరుగా హిమజ ఆఫీసు కిందికి చేరింది. హిమజ పరుగున కిందికి దిగింది. ఇద్దరూ పక్కనే ఉన్న టీ హోటల్లో కూర్చున్నారు. మాణిక్యం హోటల్ మెట్లు ఎక్కేటప్పుడు మోకాలు పట్టుకోవడం హిమజ గమనించింది.

"ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్నిగా పెద్దమ్మా" అంది హిమజ.

"ఫోన్లో అయితే నువ్వు తొందరగా పెట్టేస్తావు" అంది మాణిక్యం. ఆమె టీ ఒక గుక్క తాగి అసలు సంగతి చెప్పింది. "మాస్టారు కొత్త నాటకం రాశాడే. ఉండేది తల్లీ కూతురూ ఇద్దరే. ఏళ్ల తరబడి మాటల్లేని వాళ్లు, ఒక పూట ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ మాట్లాడుకుంటారు. అంతే నాటకం. తల్లి వేషం నాది. కూతురి వేషం నీకోసం అట్టిపెట్టాను. మాస్టారు వేరేవాళ్ల పేర్లు చెప్తే నేనే వద్దన్నాను."

హిమజ కళ్లు మెరిశాయి. మాణిక్యంతో చిన్నపిల్లగా స్టేజి మీద నిలబడింది గానీ, సమానంగా ఎదురుగా కూర్చుని ఏనాడూ నటించలేదు. అది ఆమెకు చిన్నప్పటి నుంచి ఉన్న కోరిక.

"రిహార్సల్సు ఎప్పుడు పెద్దమ్మా?"

"వారంలో మూడు సాయంత్రాలు. నువ్వు కాస్త ముందు బయల్దేరితే తెనాలి రైలు అందుతుంది. సంక్రాంతి దాటాక గుంటూరులో పోటీలు." మాణిక్యం మోకాలు రుద్దుకుంది. "ఇంకెన్నాళ్లో వేయలేను హిమా. మోకాళ్ల సంగతి అటుంచు. మాటలు ఇదివరకటిలా గుర్తుండటం లేదు. ఈ ఒక్కటీ నీతో వేయాలని ఉంది."

"తప్పకుండా వేద్దాం. ఆఫీసులో అడిగి చెప్తాను" అంది హిమజ.

మనస్ఫూర్తిగానే అంది. ఆ సాయంత్రం హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేస్తూ, కూతురు తల్లిని మొదట ఏమని పిలుస్తుందా అని ఆలోచించింది. పిలుపును రకరకాలుగా పలికి చూసుకుంది.

మర్నాడు చీఫ్ ఇంజనీరు సుగుణ ఆమెను తన గదిలోకి పిలిచింది. సుగుణ యాభై దాటిన మనిషి. తక్కువ మాట్లాడేది, సూటిగా మాట్లాడేది.

"కాలువ మీద కొత్త వంతెన పని మనకు వచ్చింది. డిజైన్ బాధ్యత నీకు ఇద్దామనుకుంటున్నాను. రెండు నెలలు పని గట్టిగా ఉంటుంది. నీకు ఏమైనా ఇబ్బందులున్నాయా? ఉంటే ఇప్పుడే చెప్పు, దాన్ని బట్టి పని సర్దుకుందాం."

హిమజ నోటిదాకా మాట వచ్చింది. వారంలో మూడు సాయంత్రాలు ముందు వెళ్లాలని చెప్తే చాలు. కానీ అంతలోనే ఆమెకు భయం వేసింది. నాటకాల కోసం సెలవడిగే మనిషికి వంతెన ఎవరిస్తారు? ఆడపిల్ల గనుక పని మీద మనసు లేదనుకుంటారేమో. బయట ఇద్దరు ముగ్గురు ఈ అవకాశం కోసమే చూస్తున్నారు.

"ఇబ్బందులేమీ లేవు మేడమ్" అంది హిమజ.

ఆ రోజే మాణిక్యానికి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నాకు వంతెన ఇచ్చారు. ఈసారికి కుదరదు. వచ్చే ఏడాది తప్పకుండా మనిద్దరం వేద్దాం. నాటకం కాస్త ఆపమని మాస్టారికి చెప్పవా?"

మాణిక్యం, "వంతెన ఇచ్చారా, మంచిదమ్మా. నువ్వు కోరుకున్నదేగా. పని చూసుకో" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని హిమజకు అనిపించింది.

రెండు నెలలు ఎలా గడిచాయో తెలియలేదు. హిమజ వంతెన డిజైన్ చక్కగా చేసింది. పై అధికారులు వచ్చి చూసి మెచ్చుకున్నారు. ఆఫీసులో ఆమెను ఒక బృందానికి నాయకురాలిని చేశారు. కిటికీ ఉన్న గది ఇచ్చారు. సాటివాళ్లు స్వీట్లు పంచారు. తల్లి ఫోన్లో సంతోషంతో ఏడ్చింది. హిమజ కూడా సంతోషించింది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ సంతోషం ఆమె అనుకున్నంత సేపు ఉండలేదు. కొత్త గదిలో కూర్చుని కిటికీలోంచి రోడ్డు మీద వెళ్లేవాళ్లను చూస్తుంటే, గుంటూరులో పోటీలు ఈ వారమే కదా అని గుర్తొచ్చింది.

ఆ శనివారం ఆమె గుంటూరు వెళ్లింది. ఎవరికీ చెప్పలేదు. హాల్లో వెనక వరసలో కూర్చుంది.

తెర లేచింది. పీట మీద మాణిక్యం కూర్చుని ఉంది. ముందు చేటలో చిక్కుడుకాయలు. కూతురి వేషంలో పావని అనే అమ్మాయి వచ్చింది. ఆమె తెనాలిలో బట్టల కొట్లో పనిచేసేది. హిమజ ఆమెను ఇదివరకు చూడలేదు. పావని బాగా చేయకూడదని హిమజ లోలోపల కోరుకుంది. వెంటనే తన మీద తనకే సిగ్గేసింది. కానీ పావని బాగా చేసింది. తల్లిని పిలవలేదు. గడప దగ్గర కాసేపు నిలబడి, వచ్చి ఎదురుగా కూర్చుని, ఒక కాయ చేతిలోకి తీసుకుంది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. డాబా మీద తాను అన్నిసార్లు పలికి చూసుకున్న పిలుపు అక్కడ అవసరమే లేదని హిమజకు అర్థమైంది. రిహార్సల్‌కు వెళ్లి ఉంటే అది అక్కడే, మాణిక్యం ఎదురుగా తెలిసేది.

నాటకం మధ్యలో మాణిక్యం ఒకచోట ఆగిపోయింది. అందరూ అది నటనే అనుకున్నారు. హిమజకు మాత్రం తెలిసిపోయింది. మాట మర్చిపోయింది. పెద్దమ్మ కళ్లు బెదిరినట్టు అటూ ఇటూ కదిలాయి. హిమజ తెలియకుండానే కుర్చీలోంచి సగం లేచింది. అంతలో పావని చేయి చాపి, తల్లి చేతిలోని కాయను మెల్లిగా తీసుకుని, "చెప్పకపోయినా పర్లేదులే అమ్మా, నాకు తెలుసు" అంది. మాణిక్యం ఆ మాట ఆసరాతో మళ్లీ దారిలో పడింది. చప్పట్లు మోగాయి. హిమజ కూర్చుండిపోయింది. ఆ చేయి తనది కావలసింది.

నాటకం అయ్యాక ఆమె తెర వెనక్కి వెళ్లింది. మాణిక్యం కొబ్బరినూనె రాసుకుని మొహానికి ఉన్న రంగు తుడుచుకుంటోంది. హిమజను చూసి నవ్వింది.

"వచ్చావా? ఎలా ఉంది?"

"చాలా బాగుంది పెద్దమ్మా. వచ్చే ఏడాది ఇదే నాటకం మనిద్దరం వేద్దాం. ఈసారి నేను ఎవరి మాటా వినను."

మాణిక్యం తుడుచుకోవడం ఆపింది. "వచ్చే ఏడాది లేదమ్మా. ఇదే ఆఖరుది. ఇవాళ నేను ఆగిపోవడం నువ్వు చూసే ఉంటావు. ఆ పిల్ల ఆదుకుంది గానీ, లేకపోతే అక్కడే కూలబడేదాన్ని. మాస్టారికి చెప్పేశాను, ఇంక స్టేజి ఎక్కనని."

"నాకు ముందే చెప్పకపోయావా?" అంది హిమజ.

"చెప్పాను. నువ్వు విన్నావు కూడా."

మాణిక్యం హిమజ చేతిని తన నూనె చేతుల్లోకి తీసుకుంది. "నీ మీద నాకేం కోపం లేదే. వంతెన కట్టే పిల్ల నా చేతుల్లో పెరిగిందని ఊరంతా చెప్పుకుంటున్నాను. కాకపోతే, నీకోసం చూశాను. అంతే."

సోమవారం ఉదయం హిమజ సుగుణ గదిలోకి వెళ్లింది. కూర్చోమనకుండానే కూర్చుంది.

"మేడమ్, నాకు వారంలో మూడు సాయంత్రాలు ముందుగా వెళ్లడానికి అనుమతి కావాలి. నాటకాల రిహార్సల్సుకు. పని ఆగనివ్వను. ఉదయం ముందు వస్తాను."

సుగుణ కళ్లజోడు తీసి ఆమెను చూసింది. "వెళ్లు. ఇన్నాళ్లూ అడగలేదేం?"

హిమజ తెల్లబోయింది. "అడిగితే వంతెన వేరేవాళ్లకు ఇస్తారనుకున్నాను."

"వంతెన నీకు ఇచ్చింది నీ లెక్కలు చూసి. నీ సాయంత్రాలు చూసి కాదు" అంది సుగుణ. "ఇబ్బందులున్నాయా అని ఆ రోజు అడిగాను కూడా. నేను బుధవారం అయిదింటికే వెళ్లిపోతాను, ఎప్పుడైనా గమనించావా? మా చెల్లెలింటికి వెళ్లి ఇద్దరం క్యారమ్స్ ఆడుకుంటాం. చేరిన కొత్తలోనే అడిగి తీసుకున్నాను. అడగని మనిషికి ఏం కావాలో ఎవరికి తెలుస్తుంది?"

హిమజ బయటికి వచ్చి మెట్ల మీద నిలబడింది. తనను ఎవరూ ఆపలేదు. ఆఫీసూ ఆపలేదు, వంతెనా ఆపలేదు. లేని అడ్డాన్ని తానే ఊహించుకుని, దాని ముందు అయిదేళ్లు నిలబడింది. ఆ సంగతి తెలిసినందుకు ఊరట కలగాలి. కానీ ఆమెకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే రైలెక్కి తెనాలిలో జోజి మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమెను పెద్దగా పలకరించలేదు.

"ఇప్పుడు పెద్ద వేషాలేమీ లేవు. కొత్త నాటకంలో పక్కింటావిడ వేషం ఉంది. ఒకసారి వచ్చి గొడవపడి పోతుంది. నాలుగు మాటలు ఉంటాయి. చేస్తావా?"

"చేస్తాను మాస్టారూ."

"మధ్యలో ప్రాజెక్టు అంటే?"

"ప్రాజెక్టు ఉంటుంది. నేనూ ఉంటాను" అంది హిమజ.

మాట అనడం తేలికే, నిలబెట్టుకోవడం అంత తేలిక కాలేదు. కొన్ని వారాలు రైలు తప్పిపోయేది. ఒకసారి రిహార్సల్ గది బయట నిలబడే ఫోన్లో ఆఫీసు పని చక్కబెట్టింది. నాగపూర్‌లో పెద్ద ప్రాజెక్టు వస్తే, రెండు రోజులు ఆలోచించి, దాన్ని సాటి ఇంజనీరుకు వదిలేసింది. దానికి కొన్నాళ్లు బాధపడింది కూడా. కానీ బస్సులో దగ్గినట్టు నటించాల్సిన అవసరం ఇక రాలేదు. ఇక్కడ కాలువ మీద వంతెన స్తంభాలు లేస్తుంటే వెళ్లి చూసేది. అక్కడ పక్కింటావిడగా గొడవపడితే జనం నవ్వేవారు. రెండూ ఆమెవే.

మాణిక్యం అప్పుడప్పుడు రిహార్సల్‌కు వచ్చి కుర్చీలో కూర్చునేది. కొన్నిసార్లు హిమజను చూసి తల ఊపేది. కొన్నిసార్లు ఏ నాటకమో మర్చిపోయి పక్కవాళ్లను అడిగేది. మరో రెండేళ్లకు హిమజకు మంచి వేషాలు వచ్చాయి. ఒక నాటక పరిషత్తు పోటీల్లో బహుమతి కూడా వచ్చింది. స్టేజి మీద ఆమెకు ఎదురుగా ఎందరో మంచి నటులు నిలబడ్డారు. అయినా తెర లేవబోయే క్షణంలో, చీకట్లో నిలబడి, ఎదురుగా ఉన్న మనిషి మాణిక్యం అయితే ఎలా ఉండేదో అని ఆమె ప్రతిసారీ అనుకునేది. ఆ ఒక్క నాటకం మాత్రం ఆమెకు ఎప్పటికీ దొరకలేదు.

నీతి: ఉద్యోగమూ ఆశయమూ గొప్పవే, కానీ మనసుకు ఇష్టమైనదానికి ఇవాళే చోటు అడిగి తీసుకోవాలి, మన సంతోషాన్ని మనం వాయిదా వేసుకోగలం గానీ, దాన్ని మనతో పంచుకోవలసిన వాళ్ల కాలాన్ని వాయిదా వేయలేం.